కారు ఎండలో, తుక్కు నీడలో

మా ఆల్టో ఎనిమిదేళ్ళు వీధిలోనే ఉంది. ఎండకి పైకప్పు రంగు వెలిసిపోయింది, ఎదురింటి వేపచెట్టు మీది కాకులు దాన్ని సొంతం చేసేసుకున్నాయి, సిరిమాను ఉత్సవం చూడ్డానికి వచ్చిన జనంలో ఎవరో పిల్లాడు ఓసారి తలుపు మీద మేకుతో తన పేరులో మొదటి అక్షరం చెక్కి మరీ వెళ్ళాడు. ఆ గీత చూసుకుంటూ నిలబడ్డప్పుడే నాకు వెలిగింది. బ్యాంకు అప్పు తీసి కొన్న బండిని ఎండలో నిలబెట్టి, కిలో పాతిక రూపాయలు కూడా చేయని తుక్కుని నీడలో కూర్చోబెట్టి మేపుతున్నాం.

ఇల్లు విజయనగరంలో, తోటపాలెంలో. ఇంటి పక్కన 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు రేకుల షెడ్డు. 1996లో నాన్న కట్టించినప్పుడే దానికి కారు షెడ్డు అని పేరు పెట్టారు, అప్పటికి మాకు కారు లేదు, కొనే ఉద్దేశం కూడా ఎవరికీ లేదు. (గ్యారేజీ అని ఎందుకు అనలేదంటే, మా వైపు గ్యారేజీ అంటే మెకానిక్ దగ్గరో, ఆర్టీసీ బస్సులు ఆగే చోటో. ఇంట్లో ఉండేది షెడ్డే.) తీరా 2016లో కారు కొనేసరికి పేరు మాత్రం మిగిలింది, చోటు లేదు.

ఇంకా నవ్వొచ్చే సంగతి ఏమిటంటే నేను చేసే ఉద్యోగం స్టోర్స్‌లో. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీ. రోజూ అక్కడ ఏ డ్రమ్ము ఏ ర్యాకులో, ఏ అరలో ఉందో బిన్ కార్డు చూసి నిమిషంలో చెప్పాలి, ముందొచ్చింది ముందు వెళ్ళాలి, ఏదీ నేల మీద పెట్టకూడదు, గోడకి ఆనించకూడదు. గోడల మీద 5ఎస్ చార్టులు, అంటే అక్కర్లేనిది ఏరేసి, ఉన్నది చోటులో పెట్టి, శుభ్రంగా ఉంచమని చెప్పే పద్ధతి. అవన్నీ పదిహేనేళ్ళుగా పాటిస్తున్న మనిషిని సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, టెస్టర్ ఎక్కడుందో తెలీక కొట్టుకి వెళ్ళి ఇంకోటి కొనేవాణ్ణి. షెడ్డు ఖాళీ చేసినప్పుడు లెక్కపెడితే ఏడు టెస్టర్లు తేలాయి.

ఇలాంటివి రాసేటప్పుడు అందరూ బద్ధకం మీదకి తోసేస్తారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. మా షెడ్డు బద్ధకం వల్ల నిండలేదు, పండగల వల్ల నిండింది. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊరు ఊరంతా చుట్టాలతో నిండిపోతుంది, మా ఇంట్లోనే పాతికమంది. వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు హాల్లో, వరండాలో, మంచాల కింద ఉన్నదంతా గోనెసంచుల్లో కూరి షెడ్డులో పడేయడం మా ఇంటి ఆచారం. "పండగయ్యాక సర్దుకుందాం" అని అమ్మ అంటుంది. పండగయ్యాక ఎవరు సర్దుతారు? వచ్చే ఏడు పాత గోనెసంచుల ముందు కొత్త గోనెసంచులు చేరతాయి.

ఇక భోగి. పాత సామాను వదిలించుకునే రోజు అని పుస్తకాల్లో రాస్తారు. మా వీధిలో అది సామాను దాచుకునే రోజు. ముందు రాత్రి కుర్రాళ్ళు గుంపుగా తిరిగి, బయట కనబడ్డ కర్ర ముక్కనల్లా మంటలోకి ఎత్తుకుపోతారు. విరిగిన కుర్చీ, గేటు పక్కన నిచ్చెన, ఒక ఏడు మా పక్కింటివాళ్ళ నవారు మంచం కోడు కూడా. ఆ భయంతో అమ్మ సంక్రాంతి నెలంతా కర్ర సామానుని షెడ్డులోకి పంపేది. ఆ విధంగా మంటలో కాలిపోవలసిన కుర్చీ ఒకటి పద్నాలుగు భోగులు తప్పించుకుని, మూడు కాళ్ళతో, 2024 వేసవిలో నాకు దొరికింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వీడియోల్లో ఒక సూత్రం చెబుతుంటారు, ఏడాదిగా వాడని వస్తువు ఏదైనా సరే పారేయమని. మా ఆవిడకి ఆ సూత్రం బాగా నచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే మనం ఉండేది ఉత్తరాంధ్రలో. ఇక్కడ కొన్ని వస్తువులు నాలుగేళ్ళకి ఒక రాత్రి పనికొస్తాయి, ఆ ఒక్క రాత్రి అవి లేకపోతే మిగతా నాలుగేళ్ళు ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఏం లాభం?

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ ఏడు దసరా అక్టోబరు మొదట్లోనే వచ్చింది కాబట్టి మాకు చుట్టాలు వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు, అంటే షెడ్డు ఏడాది మొత్తం మీద ఎప్పుడు బాగా కూరి ఉంటుందో సరిగ్గా అప్పుడే తుపాను వచ్చింది. ఇది నేను తర్వాత గమనించిన సంగతి. మనకి పండగా తుపానూ రెండూ అక్టోబరులోనే. 2013లో పైలిన్ అక్టోబరే, 2018లో తిత్లీ అక్టోబరే, గులాబ్ ఒక్కటే 2021లో కాస్త ముందుగా సెప్టెంబరు చివర వచ్చింది.

హుద్‌హుద్‌కి మా వీధిలో తొమ్మిది రోజులు కరెంటు లేదు. మోటారు ఆగిపోయింది. పెరట్లో బావి ఉంది, ఆ వానకి నీళ్ళు బాగా పైకొచ్చి కళ్ళముందు కనబడుతున్నాయి, కానీ మోటారు పెట్టించిన రోజే బావి మీద గిలక తీసేశాం. ఆ గిలక షెడ్డులో ఉండాలి. ఫోను టార్చి వేసుకుని గంటసేపు వెతికాను, ఛార్జింగు అయిపోతుందని భయపడుతూ. గోనెసంచుల మీంచి ఎక్కి, పాత బీరువా దాకా వెళ్ళి, దాన్ని కదపలేక వెనక్కొచ్చేశాను. ఎప్పుడో పాత ఇనప సామాన్ల వాడికి వేసేసి ఉంటారని మనసుకి చెప్పుకున్నాను. బట్టలారేసే నైలాన్ తాడుకి బకెట్టు కట్టి తోడాం. రెండో రోజుకి అరచేతులు బొబ్బలెక్కాయి, మూడో రోజు ముడి ఊడి బకెట్టు బావిలో పడింది. బావిలో పడినవి తీసే కొక్కేల గుత్తి ఉంటుంది చూడండి, పాతాళగరిగె, అదీ షెడ్డులోనే. అదీ దొరకలేదు. తర్వాత వారమంతా బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర లైనులో నిలబడ్డాం, సొంత బావి పెట్టుకుని.

అమ్మ అప్పుడు రాజాంలో అక్క ఇంట్లో ఉంది. ఫోన్లు పనిచేయలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నాన్న జూట్ మిల్లులో ఫిట్టరు. 2011లో పోయారు. ఆయన పారేసిన వస్తువు నేను చూడలేదు. వంకరపోయిన మేకుల్ని సుత్తితో తిన్నగా కొట్టి హార్లిక్స్ సీసాల్లో వేసేవారు, కాలిపోయిన ఫ్యానులోంచి బేరింగులు ఊడదీసి గ్రీజు రాసి కాగితంలో చుట్టేవారు. మా ఆవిడ చూసే వీడియోల లెక్కలో ఆయన పెద్ద రోగి. కానీ ఆయనున్నప్పుడు ఆ షెడ్డులో దొరకని వస్తువు లేదు. రాత్రి కరెంటు పోయినా "ఎడమ గోడ, రెండో అర, మూడో సీసా" అని మంచం మీంచే చెప్పేవారు, నేను వెళ్ళి తడుముకుంటూ సరిగ్గా అదే తెచ్చేవాణ్ణి. ఆయన దగ్గర మాకంటే ఎక్కువ సామానుండేది, నిజం. తక్కువ ఉండటమే సర్దుబాటు అయితే ఆయన లెక్క ఎలా సరిపోతుంది?

సరిపోవాలంటే ప్రశ్న మార్చాలి. ఎప్పుడు వాడావు అని కాదు, దాన్ని అందుకోవాలంటే ముందు ఏమేం జరపాలి అని అడగాలి. నాన్న షెడ్డులో దేనికైనా జవాబు ఒక్కటే, ఏమీ జరపక్కర్లేదు. గోడకి మేకు, మేకుకి వస్తువు. మా షెడ్డులో గిలక అందుకోవాలంటే నాలుగు గోనెసంచులు, రెండు మడత మంచాలు, కూలరు, బీరువా జరపాలి. ఉంది, కానీ లేనట్టే. ఇలాంటి "ఉన్నా లేని" వస్తువు వల్ల ఇంకో నష్టం, మళ్ళీ కొంటాం. తిత్లీ పలాస వైపు వచ్చినప్పుడు మా అత్తవారి ఊళ్ళో, ఉద్దానంలో, కొబ్బరి చెట్లు వరసలకి వరసలు పడిపోయాయి, ఇంటి పెంకులు లేచిపోయాయి. టార్పాలిన్ పట్టుకుని వెంటనే రమ్మని మావయ్యగారు కబురు పెట్టారు. గంటస్తంభం దగ్గరకి పరిగెత్తి కొత్తది కొన్నాను. షెడ్డు ఖాళీ చేసినప్పుడు అప్పటికే మడతల్లో ఉన్న టార్పాలిన్లు మూడు బయటపడ్డాయి, ఒకదాన్ని ఎలక పిల్లలు పెట్టుకోవడానికి వాడుకుంది.

ఖాళీ చేయడం గురించి ఎక్కువ చెప్పను, అది ఒళ్ళు హూనమయ్యే పని, అంతే. మే నెలలో రెండు ఆదివారాలు. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ చెప్పాలి. పొద్దున్నే వెలుతురు బాగా వచ్చాకే మొదలుపెట్టండి, బూట్లు వేసుకోండి, కర్రతో తట్టకుండా ఏ సంచి కిందా చెయ్యి పెట్టకండి. సామాను ఉన్నచోట ఎలకలు, ఎలకలున్నచోట పాములు. బీరువా అడుగున నాకు పొడవాటి కుబుసం ఒకటి దొరికింది. ఏ పాముదో నేను గుర్తుపట్టలేను గానీ, కట్లపాము కరిస్తే పెద్దగా నొప్పి కూడా తెలీదని తెలిసిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ మా పాప బంతి కోసం ఆ షెడ్డులోకి చెప్పుల్లేకుండా వెళ్ళేది.

పాత టైర్లు నాలుగు. వాటిలో వాన నీళ్ళు. ఇంట్లో దోమల మందుకి నెలనెలా డబ్బులు తగలేస్తూ డెంగీ దోమకి మేమే పురుటిగది కట్టించి ఇచ్చాం. ఆ దోమ గుడ్లు నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ తడి తగిలితే పొదుగుతాయి, అందుకని నీళ్ళు ఒంపేస్తే సరిపోదు, టైర్లే పోవాలి. పోయాయి.

ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర చిన్న గొడవ. పాతసామాన్ల బండి అబ్బాయి మొత్తం చూసి "బాబూ, ఇయన్నీ ఒక్క ఇంట్లోవేనేటి?" అన్నాడు, నాకు సిగ్గేసింది. బ్యాటరీ చూడగానే అతని కళ్ళు మెరిశాయి, లోపల ఉండేది సీసం కదా. నేను ఇవ్వలేదు. వీటిని పగలగొట్టి యాసిడ్ కాలవలో పోయడం నేను కళ్ళారా చూశాను. పాత బ్యాటరీ అమ్మే కొట్టుకో, గుర్తింపున్న సేకరణ కేంద్రానికో తిరిగివ్వాలన్న రూలు 2001 నుంచీ ఉంది, 2022లో దాన్ని ఇంకా గట్టిచేశారు, పైగా కొట్టుకి తీసుకెళ్తే కొత్తదానిలో ధర తగ్గిస్తారు. నష్టమేం లేదు, మోయడమే కష్టం. ట్యూబులైట్లు మాత్రం పగలగొట్టకండి, లోపల పాదరసం ఉంటుంది. పాత డబ్బా టీవీ గాజులో కూడా సీసమే.

ఒక మూల అటక మీద ఎండోసల్ఫాన్ డబ్బా కనబడింది. ఊళ్ళో పొలం ఉన్నప్పటిది, సగం ఉంది. సుప్రీంకోర్టు 2011లో ఆపేసిన మందు. దాని కిందే, అక్షరాలా జానెడు కింద, మా ఇంటి పాత ఊరగాయ జాడీలు. కాలవలో పోస్తే చేపలు చస్తాయి, పాతిపెడదామంటే పక్కనే బావి, తుక్కువాడికి ఇస్తే డబ్బా కడిగి ఎవరో నీళ్ళకి వాడుకుంటారు. మూతున్న పెట్టెలో పెట్టి, తాళమేసి, పైన విషం అని పెద్ద అక్షరాలతో రాశాను. వ్యవసాయ ఆఫీసులో ఒకసారి అడిగాను, ఇంకోసారి అడగాలి. ఇప్పటికి అదీ షెడ్డులోనే ఉంది, మీకు అబద్ధం చెప్పడం ఎందుకు.

అసలు కష్టం సామానుతో కాదు, మనుషులతో. మా ఆవిడ ఒక్క రోజులో అంతా పంపేయాలంది. అమ్మ ఒక్కటి కూడా కదలకూడదంది. "ఏటిరా, మీ నాన్న కష్టపడి కూడబెట్టినవి" అంటూ మూడు కాళ్ళ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడింది. అక్కడే నాకు కంపెనీ పనికొచ్చింది. మా దగ్గర సరుకు రాగానే వాడొచ్చా వద్దా తేలేదాకా పసుపు లేబులు అంటిస్తాం. పాసైతే ఆకుపచ్చ, ఫెయిలైతే ఎరుపు. అవే రంగుల స్టిక్కర్లు కొనుక్కొచ్చి అందరికీ పంచాను. ఎవరి వస్తువు మీద వాళ్ళే అంటించాలి, తేల్చుకోలేకపోతే పసుపు, దాని మీద తారీఖు. సిరిమాను ముందు ఆదివారం నాటికి పసుపు అలాగే ఉంటే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి.

నా అంచనాకి విరుద్ధంగా అమ్మ బోలెడు ఎర్రవి అంటించింది. తనని ఎవరూ అడగకుండా తీసేస్తారన్నదే ఆవిడ బాధ, అడిగితే ఇచ్చేస్తుంది. బుడితి ఊరి కంచు చెంబులు రెండు, ఇత్తడి గంగాళం మాత్రం ఆకుపచ్చ, అందులో నాకూ పేచీ లేదు. పసుపు ఎక్కువ అంటించింది ఎవరో తెలుసా, నేనే. ఇంజనీరింగు పుస్తకాలు, పాడైపోయిన టేప్ రికార్డరు, 2009 నుంచీ ఉన్న అట్టపెట్టెలు. టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, ఫోను పెట్టె, వారంటీ ఎప్పుడో చచ్చిపోయిన వస్తువుల పెట్టెలు. చెదలకి అంతకంటే మంచి భోజనం లేదు. వాటిని నేనే చించి మడిచి పంపేటప్పుడు, ఎందుకో తెలీదు, కాస్త గుండె నొచ్చింది.

తుక్కు మొత్తం అమ్మితే 1,840 రూపాయలొచ్చాయి. ఆటోకి, ఇద్దరు కూలీలకి ఇచ్చాక చేతి డబ్బే పడింది.

డబ్బాలు, ర్యాకులు ముందే కొనేయకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. నేను 2019లో అదే చేశాను. లోతైన ప్లాస్టిక్ పెట్టెలు ఆరు కొని, తుక్కుని బయట ఉన్నచోటి నుంచి పెట్టెల్లోకి మార్చాను, పెట్టెల మీద పెట్టెలు పెట్టాను, అంటే కనబడే గందరగోళాన్ని కనబడకుండా చేశాను. ఈసారి ఖాళీ షెడ్డులో ముందు కారు పెట్టి, దాని చుట్టూ సుద్దముక్కతో గీశాను. కారు పొడవు 11 అడుగుల చిల్లర, వెడల్పు 5 అడుగులు. ఎడమ గోడకి ఒకటిన్నర అడుగు దూరంలో ఆపితే డ్రైవరు వైపు మూడున్నర అడుగులు మిగులుతుంది, అందులో ర్యాకుకి ఒక్క అడుగు, తలుపు తీసి దిగడానికి రెండున్నర. ఎడమవైపు కూర్చునేవాళ్ళు గేటు దగ్గరే దిగిపోవాలి, అమ్మకి ఇది నచ్చలేదు. వెనక ఆరున్నర అడుగులు నాన్న బెంచీకి, ఇనుముని బిగించి పట్టే ఆయన వైసుకి, సైకిలుకి.

ర్యాకు లోతు ఒక్క అడుగే అన్నది కావాలని పెట్టింది. యాంగిల్ ర్యాకుల కొట్టులో రెండడుగులది తీసుకోండి సార్, ఎక్కువ పడతాయి అన్నాడు. పడతాయి, అదే కదా రోగం. రెండడుగుల అరలో రెండు వరసలు పడతాయి, వెనక వరస మెల్లగా మర్చిపోతాం. అడుగు లోతులో ఒకదాని ముందు ఒకటి పెట్టాలన్నా కుదరదు. కింది అర నేలకి జానెడు ఎత్తులో, గోడకి నాలుగు వేళ్ళ ఎడంగా, చెద వస్తే కనబడాలి, నీళ్ళొస్తే తడవకూడదు. గేటు పక్కనే కళ్ళెత్తులో ఉన్న అర తుపాను అర. టార్పాలిన్లు రెండు, మోకు, టార్చి, లాంతరు, కొవ్వొత్తులు, కత్తి, రంపం, ఏడాదిలో పదకొండు నెలలు ముట్టుకోనివన్నీ గుమ్మం దగ్గర, రోజూ వాడేవి వెనక. మా ఆవిడ ఇది తిరకాసు సర్దుడు అంటుంది. రోజూ వాడేది ఎక్కడున్నా చేతికి అలవాటవుతుంది, ఎప్పుడో వాడేదానికే దగ్గరి చోటు కావాలి అన్నది నా వాదన. ఇంట్లో ఇంకా తేలలేదు.

గిలక బీరువా జరిపాక దొరికింది. గోడకి మేకు, మేకుకి గిలక, దాని పక్క మేకుకి పాతాళగరిగె, ఇనుముకి నాన్న రాసిన గ్రీజు ఇంకా జిడ్డుగానే ఉంది. ఊరేగింపులా పట్టుకుని అమ్మ దగ్గరకి వెళ్ళాను, పదేళ్ళ తర్వాత దొరికిందని. అమ్మ తల కూడా ఎత్తలేదు. "దొరకడమేటి, బీరువా ఎనక మేకుకే కదా ఉంది. మీ నాన్న పెట్టిన చోటే."

మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం అన్నాను.

"నువ్వు అడిగితే కదా."

నాన్నతో పాటే ఆ షెడ్డు లెక్కంతా పోయిందని పదమూడేళ్ళు నేను నమ్మాను, నలుగురికీ చెప్పాను, పైన మీకూ దాదాపు అలాగే రాశాను. సగం లెక్క వంటింట్లో కూర్చుని వంకాయలు కోసుకుంటోంది.

అక్టోబరులో, పండగ ముందర, ఒక సాయంత్రం కరెంటు పోయింది. అమ్మని షెడ్డులోకి పంపి చూద్దామని నాకు బుద్ధి పుట్టింది. దీపం లేకుండా వెళ్ళి రెండు నిమిషాల్లో టార్చి, గిలక రెండూ తెచ్చి చేతిలో పెట్టింది. నేను గర్వంగా మా ఆవిడ వైపు చూశాను.

"అంతా బాగానే సర్దావు గానీ," అంది అమ్మ, "అటకమూల రెండు ఊరగాయ జాడీలుండాలి, అయ్యేవిరా?"

స్టిక్కర్ల సంగతి నేనే పెట్టాను కదా, ఎవరిది వాళ్ళే తేల్చాలని. ఆ జాడీలు ఒక్కటే, విషం డబ్బా కింద ఉన్నాయన్న భయంతో, ఎవర్నీ అడక్కుండా పక్కింటావిడకి ఇచ్చేశాను, మొక్కలు పెట్టుకుంటానంటే. అమ్మ నా మొహం చూసి, తర్వాత నేను చూస్తున్న వైపు చూసింది. ప్రహరీగోడ అవతల, చీకట్లో కూడా కనబడేంత ఏపుగా, జాడీ నిండా పుదీనా.